బర్నబా చుక్క, సారు డబ్బా

బర్నబాకు కోపం వచ్చిందంటే మా మిషన్ కాంపౌండులో అందరికన్నా ముందు చర్చి గంటకు తెలిసేది. ఆ పూట గంట మోగే తీరే వేరు. బీదర్ గాంధీ గంజ్‌లో కంది బస్తాలు దింపే హమాలీలు కూడా తలెత్తి, "బర్నబన్నకు ఇయ్యాల ఎవరితోనో పడ్డది" అనుకునేవాళ్లట. నేను ఆ కాంపౌండు బడిలో లెక్కలు చెప్పి, అక్కడి క్వార్టర్సులోనే ఉండిపోయినదాన్ని. అతని కోపాలకు సగం కారణం నేనేనని భార్య లీయా అంటుంది. మిగతా సగం ఎవరో ఆమే చెప్పాలి.

చర్చిలో బర్నబా చేసే పని పెద్దదేమీ కాదు. గంట కొట్టడం, బెంచీలు తుడవడం, బడి గదులకు తాళాలు తీయడం, వేయడం. కన్నడం బడి ఆఫీసులో, ఉర్దూ బజారులో, తెలుగు ఇంట్లో, కోపం మాత్రం మూడు భాషల్లోనూ. కానీ డిసెంబరు వచ్చిందంటే మనిషికి పట్టపగ్గాలుండవు. క్రిస్మస్ చుక్క కట్టాలి. మనిషి నిలువెత్తు చుక్క. దాన్ని బడి డాబా మీద పొడుగాటి బొంగుకు ఎక్కించేవాడు. బీదర్ ఎర్రరాయితో కట్టిన పాత బడి అది. మా వైపు అంతకన్నా ఎత్తయిన కట్టడం లేదు కాబట్టి చుక్క దూరానికి కనిపించేది.

దాన్ని చూసుకునే హుల్సూర్ టెంపో వచ్చేది. హుల్సూర్ దగ్గరి పల్లెల నుంచి మావాళ్లు క్రిస్మస్ ముందురోజు ఆరాధనకు టెంపో మాట్లాడుకుని వస్తారు. వాళ్లకో అలవాటు ఉంది. ఊరు దాటాక దారంతా మాటలే తప్ప పాట ఉండదు. బీదర్ చేరాక చుక్కను ముందుగా ఎవరు చూస్తే వాళ్లు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఆ పాటతోనే టెంపో మా గేటులోకి వస్తుంది. గేటు దగ్గర బర్నబా కొత్త చొక్కా తొడుక్కుని నిలబడి ఉంటాడు. ఆ పాట ఏసుప్రభువు కోసమేనని అతనికీ తెలుసు. అందులో తనకూ కాస్త వాటా ఉందని అతని ముఖం చెప్పేది.

అది హైదరాబాద్ పొంగుతున్న కాలం. మా కాంపౌండులో డిగ్రీ పాసైన ప్రతి ఒక్కరూ ఆదివారం సాయంత్రం బస్సెక్కి హైదరాబాద్ పోవడం, శుక్రవారం దిగడం. నోరు తెరిస్తే హైటెక్ సిటీ, ప్లాట్లు, ఫ్లైఓవర్లు. హైదరాబాద్‌కు అందరూ పోయేవాళ్లే గానీ, హైదరాబాద్ మనల్ని వెతుక్కుంటూ రావడం నేను ఒక్కసారే చూశాను. సునామీ వచ్చిపోయిన మరుసటి ఏడు ఒక జీపు మా గేటు ముందు ఆగింది. అందులోంచి శాంతరాజు సారు దిగాడు. ఏదో పరిశోధన సంస్థలో పెద్ద సైంటిస్టు. ఆయనకు కావలసింది ఒక డాబా.

"హైదరాబాద్‌లో డాబాలే లేవా సార్?" అని అడిగాను.

"డాబాలున్నాయమ్మా, ఆకాశమే లేదు. ఇవాళ ఒక డాబా చూసుకుని పోతే, మళ్లీ వచ్చేసరికి పక్కన ఇంకో రెండంతస్తులు లేస్తున్నాయి" అన్నాడాయన.

మా బడి ఆయనకు బాగా నచ్చింది. గోడలు ఊగవు, చుట్టూ ఆకాశానికి అడ్డు లేదు. డాబా మధ్యలో చిన్న దిమ్మె కట్టించి, దాని మీద బోర్లించిన గిన్నెలాంటి తెల్లటి యాంటెన్నా పెట్టించాడు. దాని వైరు కింద మ్యాపుల గదిలోని పెట్టెకు పోతుంది, అక్కడి నుంచి టెలిఫోన్ లైను మీద హైదరాబాద్‌కు. మేం అంతా కలిపి డబ్బా అనేవాళ్లం. పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోందో లేదో చూసుకునే పని బర్నబాకు అప్పజెప్పారు. ఆ రోజు డాబా మీదే టీలు తాగాం.

"సార్, గిది భూకంపం ముందుగాల్నే చెప్తదా?" అని అడిగాడు బర్నబా.

"చెప్పదు. వచ్చాకే చెబుతుంది."

"వచ్చినంక జెప్పుడెందుకు సార్? వస్తే మాకే ఎర్కైతది గద."

శాంతరాజు సారు నవ్వి, ఓపిగ్గా చెప్పాడు. నేల మీద భూకంపం సంగతి అంతే. సముద్రం సంగతి వేరు. సముద్రం అడుగున నేల కదిలిన ప్రతిసారీ సునామీ లేవదు. లేస్తే మాత్రం దూరపు ఒడ్డుకు చేరడానికి గంటలు పడుతుంది. ఆ లోపల అది లేచిందా, లేదా అన్నది ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు.

"గింత దూరంల కూసుంటే సముద్రం ఎట్ల కనవడ్తది సార్?"

సారు వేలు పైకి చూపించాడు. నేల గానీ, సముద్రపు నీళ్లు గానీ ఒక్కసారిగా లేస్తే పైనున్న గాలిని నెడతాయి. నడిసముద్రంలో సునామీ జానెడు ఎత్తే ఉంటుంది, కానీ మైళ్లకొద్దీ వెడల్పు ఉంటుంది కాబట్టి ఆ నెట్టుడు తక్కువది కాదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఊపు పెరుగుతుంది. ఎంతో పైన ఎండకు విద్యుత్తు పట్టిన గాలి పొర ఒకటుంది, అయనోస్ఫియర్ అంటారు. ఆ ఊపుకు అది కూడా అలలు అలలుగా కదులుతుంది. దారి చూపించే ఉపగ్రహాల సంకేతాలు ఆ పొరలోంచే కిందికి రావాలి. పొర కదిలితే సంకేతం రావడంలో రవ్వంత తేడా వస్తుంది. డబ్బా పని ఆ తేడాను పట్టుకోవడమే.

"ఇంకా పరీక్షే అనుకోండి" అన్నాడు సారు. "హెచ్చరికలు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. సముద్రంలో కొలిచే యంత్రాలూ ఉన్నాయి. ఇది కూడా వాటికి తోడవుతుందా అని చూస్తున్నాం." లేవబోతూ, డాబా మీద డబ్బా కన్నా ఎత్తుగా ఏదీ ఉండకూడదనీ, ఇనుము, రేకు లాంటివి అసలు పెట్టొద్దనీ చెప్పాడు. అప్పటికి బర్నబా బొంగు డాబా మూలనే ఆనించి ఉంది. సారు దాన్ని చూసి, "ఇది తీసేయాలి" అన్నాడు.

మరునాడు పొద్దున గంట ఎలా మోగిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ డిసెంబరులో చుక్క గేటు స్తంభానికి వేలాడింది. గేటు దగ్గరికి వస్తే తప్ప కనిపించదు. హుల్సూర్ టెంపో ఆ ఏడు పాట లేకుండానే లోపలికి వచ్చింది. టెంపోకు పెద్ద దిక్కు శంకరమ్మ అనే ముసలామె. దిగుతూనే బర్నబాను దులిపేసింది. "చుక్క కనవడకపాయె, పాట ఎత్తకపాయె. మయ్యత్‌కు, సావింటికి వచ్చినట్ల నోరు మూసుకొని వచ్చినం గదరా!"  బర్నబా ఆ క్రిస్మస్‌కు అన్నం కూడా సరిగ్గా తినలేదని లీయా చెప్పింది. నాకు నిజంగా జాలేసింది.

కానీ బర్నబా ఊరుకునే మనిషి కాదు. మరుసటి ఏడు చుక్కను కొత్తగా కట్టాడు. డాబా మీద వద్దన్నారు కదా, డాబా మీద పెట్టలేదు. పిట్టగోడకు బయటివైపు, ఆగ్నేయం మూలన, గాలిలోకి వేలాడదీశాడు. టెంపోలు ఊరు చుట్టి మా వీధిలోకి తిరిగేది ఆ వైపు నుంచే. ఎత్తు ఉండొద్దన్నారు కదా, డబ్బా కన్నా జానెడు కిందికే కట్టాడు. ఇనుము, రేకు వద్దన్నారు కదా, అవీ లేవు. ఎత్తు తగ్గింది కాబట్టి మెరుపు పెంచాలని, శుక్రవారం బస్సు దిగే మా పిల్లలతో హైదరాబాద్ నుంచి వెండి కాగితం చుట్టలు తెప్పించాడు. హోటళ్లలో రొట్టెలు, కబాబులు చుట్టి ఇస్తారే, ఆ కాగితం. దాన్ని చుక్క నిండా అతికించాడు. కింద తోక కూడా పెట్టాడు.

ఎండ పడితే కళ్లు చెదిరేవి. సాయంత్రం బల్బు వెలుగుకు వీధి మలుపులోకి రాగానే తళుక్కుమనేది. ఆ ఏడు టెంపో గేటుకు ఎంతో దూరంలో ఉండగానే పాట వినిపించింది. శంకరమ్మ దిగి బర్నబా నెత్తి మీద చెయ్యి పెట్టింది. "సార్ మాట సారుకు ఉన్నది, మన చుక్క మనకు ఉన్నది" అని బర్నబా నాతో ఎన్నిసార్లు అన్నాడో.

హైదరాబాద్‌లో మాత్రం తలలు పట్టుకున్నారు. ఆ సంగతి మాకు ఫోన్లను బట్టి తెలిసేది. శాంతరాజు సారు దగ్గర షైనీ అనే అమ్మాయి పనిచేసేది. ఫోన్ చేసి, "అంకుల్, డాబా మీద కొత్తగా ఏమన్నా పెట్టిన్రా?" అని అడిగేది.

"డాబా మీదనా? పిట్టను గూడ వాలనియ్య బిడ్డా!"

అందులో అబద్ధం లేదు. మళ్లీ కొన్నాళ్లకు ఫోన్. దగ్గర్లో సెల్ టవర్ కట్టారా, వైరును ఎలుకలు కొరికాయా అని. ఏదీ లేదు. మూడో ఏడు కూడా అలాగే జరిగేసరికి, బీదర్ డబ్బా పనికిరాదు, ఇంకో ఊరికి మార్చేద్దాం అన్న మాట వచ్చింది. బర్నబాకు అది నచ్చలేదు. అప్పటికి డబ్బా కూడా అతనిదైపోయింది. గుడికి, మసీదుకు పోయేవాళ్లను కూడా పిలిచి, పచ్చ దీపం చూపించి, సముద్రం గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు.

ఆ ఏడు క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే షైనీ స్వయంగా బస్సు దిగింది. సన్నగా, పొడుగ్గా, భుజాన ల్యాప్‌టాప్ సంచితో ఉంది. గేటు దగ్గర ఆగి పైకి చూసింది. చూసి, అక్కడే అరుగు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. బర్నబా మెచ్చుకోలు అనుకున్నాడు.

"ఎట్లున్నది బిడ్డా?"

"మస్తున్నది అంకుల్. మా పానం తీస్తున్నది ఇదే."

ఆ అమ్మాయిది సికింద్రాబాద్‌లో చర్చికి పోయే కుటుంబమే. అందరూ గ్రాఫుల్లోని గీతలు చూస్తుంటే ఆమె తారీఖులు చూసింది. గొడవ డిసెంబరు మొదటి ఆదివారం మొదలవుతుంది, కొత్త సంవత్సరం పోయాక ఆగిపోతుంది. మిగతా ఏడాదంతా డబ్బా చక్కగా ఉంటుంది. అలాంటి వేళలు ఆకాశానికి ఎందుకుంటాయి? చర్చివాళ్లకే ఉంటాయి. ఈ మాట సారుతో అంటే నవ్వుతారని, తానే చూసి రావడానికి బయల్దేరింది.

లీయా ఇచ్చిన గర్జెలు, అదే కజ్జికాయలు, తింటూ మా అందరికీ విడమరచి చెప్పింది. ఆ వెండి కాగితం కాగితం కాదు, పలచటి రేకే. ఉపగ్రహం సంకేతం డబ్బా మీద నేరుగా పడుతుంది. చుక్క మీద పడినది కూడా అద్దం మీద పడ్డట్టు తిరిగొచ్చి మళ్లీ డబ్బా మీదే పడుతుంది. గాలికి చుక్క ఊగినప్పుడల్లా లెక్క మారుతుంది. అది కూడా వేరే మూల అయితే అంత బాధ లేదు. బంగాళాఖాతం వైపు ఆకాశం చూపించే ఉపగ్రహాలు ఆగ్నేయాన కిందుగా ఉంటాయి. చుక్క సరిగ్గా అటే ఉంది.

బర్నబా ముఖం చిన్నబోయింది. "సార్ జెప్పినట్లే కట్టిన గద బిడ్డా. కిందనే కట్టిన, బయటనే కట్టిన."

"నిజమే అంకుల్. తప్పు మాది గూడ. ఎందుకు వద్దో సరిగ్గా చెప్పలే. వచ్చే ఏడు ఒట్టి వెదురుతోని, పతంగి కాగితంతోని కట్టుండ్రి. వాటిలోకెళ్లి సంకేతం దాటిపోతది. కావాలంటే డాబా మీదనే ఎత్తుగ కట్టుండ్రి, సారుకు నేను చెప్త."

"మరి ఇప్పుడు?"

షైనీ చుక్క వైపు చూసి, అతని వైపు చూసింది. "పండుగ పోనియ్యుండ్రి. రెండు రోజులకు ఏమైతది? ఎల్లుండి దించుండ్రి." బర్నబా ఊపిరి పీల్చుకున్నాడు. సాయంత్రం టెంపో వస్తుంది, చుక్క ఉంటుంది. ఆ పిల్ల మంచితనానికి నాకు ముచ్చటేసింది. ఆమె మధ్యాహ్నం బస్సుకు తిరిగిపోవాలని, లీయా ఇంకో పొట్లం గర్జెలు కట్టింది.

పొట్లం ముడి వేస్తుండగానే ఫోన్ మోగింది. శాంతరాజు సారు. షైనీ విన్నంతసేపూ విని, మ్యాపుల గదిలోకి పరుగెత్తింది. మేం వెనకాలే పోయాం. అండమాన్‌కు అవతల సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చిందట, ఇప్పుడే. ఆమె ల్యాప్‌టాప్‌ను పెట్టెకు తగిలించింది. తెర మీద గీతలు వచ్చాయి. రెండు మూడు తిన్నగా ఉన్నాయి. ఆగ్నేయం వైపువి మాత్రం ముళ్లకంపలా పైకీ కిందికీ పొడుచుకుంటున్నాయి. బయట గాలి బాగా వీస్తోంది.

బర్నబా గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమన్న కనవడ్తున్నదా?"

"ఇట్లుంటే ఏం కనవడదు అంకుల్. చిన్న అల అది. ఈ గోలల కలిసిపోతది."

"చుక్క లేకుంటే?"

షైనీ కుర్చీలో వెనక్కి తిరిగింది. "కనవడొచ్చు. కనవడకపోవచ్చు. ఇయ్యాల దీని మాట విని ఎవరూ ఉరికేది లేదు అంకుల్, చెప్పేటోళ్లు వేరే ఉన్నరు. మనం నేర్చుకునుడే."

"కిల్లారి భూకంపం టైముల నేను లారీ మీద పోయిన" అన్నాడు బర్నబా. ఆ సంగతి అతను మామూలుగా ఎత్తడు. "దుప్పట్లు, బియ్యం పంచినం. మళ్ల వస్తదని ఎవడో అన్నడు. అన్నదే చాలు, ఉన్న గోడలు గూడ ఇడిసిపెట్టి వానలో కూసున్నరు బిడ్డా, బాలింతలు, ముసలోళ్లు. వస్తదని చెప్పేటోళ్లు మస్తుమంది ఉండిరి. రాదు, ఇంట్ల పండుకోండ్రి అని చెప్పేటోడు ఒక్కడు లేకపాయె."

ఇక ఆగలేదు. గోడకు తగిలించిన గడ్డి కోసే కొడవలి తీసుకుని మెట్లెక్కాడు. "ముడులు విప్పు, కొయ్యకు!" అని లీయా కింది నుంచి అరిచింది. గాలికి ఎగిరిపోకుండా అతనే ఆ తాళ్లకు లెక్కలేనన్ని ముడులు వేసుకున్నాడు. విప్పుతూ కూర్చుంటే పొద్దు గూకుతుంది. పిట్టగోడ మీదుగా వంగి తాళ్లు కోసేశాడు. చుక్క తోకతో సహా వాకిట్లో పడింది. బద్దలు విరిగిన చప్పుడు వినిపించింది. లీయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకైతే ఏడుపే వచ్చింది. అతను పైనుంచే, "ఆ వెండి కాగితం దూరం గుంజుండ్రి, జల్ది!" అని కేకలు వేశాడు. మేమిద్దరం దాన్ని చర్చి వెనక్కి ఈడ్చుకుపోయాం.

మేం తిరిగొచ్చేసరికి తెర మీద ముళ్లు లేవు. గీతలన్నీ సాఫీగా ఉన్నాయి. బర్నబా మ్యాపుల బీరువాకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.  కాసేపటికి ఒక గీత మెల్లగా లేచి, దిగి, మళ్లీ లేచింది. షైనీ కుర్చీలోంచి ఎగిరింది.

"అంకుల్, ఇగో! ఇది భూమి ఊగింది. ఆ ఊపు పైన గాలి పొరకెక్కింది. చూసిన్రా?"

బర్నబా తెరకు ముక్కు ఆనించినంత పని చేశాడు. "గింతేనా?"

"గింతే. ఇప్పుడు సముద్రం లేచి ఉంటే ఇంకోటి రావాలె. ఇంతకన్న వెడల్పుగ, నిదానంగ. జర సేపు పడ్తది."

మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. ఆమె లేవలేదు. గర్జెల పొట్లం విప్పి అందరం తలా ఒకటి తిన్నాం. రావలసిన వేళ వచ్చింది, దాటింది, ఇంకా చాలాసేపు చూశాం. గీత చెరువు నీళ్లలా నిమ్మళంగా ఉంది. "రాలే" అంది షైనీ. సారుకు ఫోన్ చేస్తే, సముద్రంలోని యంత్రాలు కూడా అదే చెబుతున్నాయన్నాడు. సాయంత్రం టీవీలో, ఎత్తు మీదికి ఎక్కిన ఒడ్డు జనం పిల్లల్ని చంకనేసుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని మళ్లీ ఇళ్లకు దిగిపోతున్నారు. బర్నబా ఆ బొమ్మను కన్నార్పకుండా చూశాడు.

పొద్దు వాలుతుండగా హుల్సూర్ టెంపో వచ్చింది. పాట లేదు. గేటు దగ్గర బర్నబా పాత చొక్కాతోనే నిలబడ్డాడు. మార్చుకునే తీరిక దొరకలేదు. శంకరమ్మ దిగి, ఖాళీ పిట్టగోడను, అతన్ని మార్చి మార్చి చూసింది. "ఏమైందిరా?" అంది. "దించిన అవ్వా" అన్నాడు. ఆమె తిట్టడానికి నోరు తెరిచి, అతని ముఖంలో ఏం కనిపించిందో, మూసేసింది.

ఆరాధనలో పాటలయ్యాక పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పమన్నారు. ఏడాదిలో దేవుడు చేసిన మేలు లేచి నిలబడి చెప్పి స్తోత్రం చేయడం మా రివాజు. ఆ కాలంలో సగం సాక్ష్యాలు హైదరాబాద్‌వే. ఒకరికి కంపెనీలో నౌకరి దొరికింది. ఒకరు ప్లాట్ రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. ఒకరి కొడుక్కి కంపెనీవాళ్లే కారు పంపుతున్నారు. వాటన్నిటికీ ఆమేన్‌లు పడ్డాయి. పాస్టరుగారు పుస్తకం తెరవబోతుండగా వెనక బెంచీలోంచి బర్నబా లేచాడు. అంతవరకు ఏనాడూ లేవని మనిషి. నా పక్కన కూర్చున్న షైనీ తల తిప్పి చూసింది.

"నాకు మాట్లాడొస్తలేదు" అన్నాడు. కాసేపు చేతులు నలుపుకున్నాడు. "ఇయ్యాల సముద్రం అడుగుల భూమి కదిలింది. సముద్రం లేస్తదేమోనని జూసినం. లేవలే. ఒడ్డు మీద ఒక్క ఇల్లు పోలే, ఒక్క పిల్ల పోలే. వాళ్లెవరో నాకు తెల్వదు, వాళ్లకు నేను తెల్వదు. గని రాలేదని నా కండ్లతోని జూసిన. అందుకు దేవునికి స్తోత్రం."

కూర్చున్నాడు.  దొరికినదానికి, నయమైనదానికి సాక్ష్యం చెప్పేవాళ్లను చూశాం గానీ, జరగనిదానికి చెప్పిన మనిషిని మేమెవరం చూడలేదు. ఆమేన్ అనాలో వద్దో తెలియక ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.  ఆడవాళ్ల వైపు ముందు బెంచీలో శంకరమ్మ లీయా చెవి దగ్గరికి వంగింది. ముసలామెకు గుసగుస అంటే ఊరంతా వినపడేదే.

"ఏం రాలేదంటుండే వీడు?"

"సముద్రం అవ్వా."

"యాడికి రాలే?"

"యాడికీ రాలే."

శంకరమ్మ కాసేపు ఆలోచించింది. "అయితే మంచిదే గదనే" అని, అందరికన్నా ముందు గట్టిగా ఆమేన్ అంది.